అనుమానం రాసుకున్నాక ఏం చేస్తున్నారు?

సంపాదకుడు గారికి,

2024 నవంబరులో వైద్యశాఖ ఇంటింటికీ క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టింది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త వచ్చి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం గురించి అడిగి వివరాలు ఎక్కించుకుంటారు. మంచి పనే. అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి పొమ్మంటారు. నా ఫిర్యాదంతా ఆ పొమ్మనడం దగ్గరే.

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో పాడి లేని ఇల్లు తక్కువ. పొద్దున, సాయంత్రం పాలు పిండి కేంద్రంలో పోసేది ఎక్కువగా ఆడవాళ్లే. కుప్పం నుంచో పలమనేరు నుంచో తిరుపతికి పోయి స్కానింగుకు ఒకరోజు, ముక్క పరీక్షకు (బయాప్సీకి) ఇంకోరోజు, రిపోర్టుకు మరోరోజు అంటే ఆమె పోదు. పైగా రొమ్ములో గడ్డ నొప్పి లేదు కదా, పోవడమెందుకు అనుకుంటుంది. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలని ఆమెకు గట్టిగా చెప్పినవాళ్లు లేరు. ముదిరాక ఆవుల్ని అమ్ముకుని వైద్యానికి వేలూరు బస్సెక్కుతారు.

తిరుపతిలో వసతులకేం తక్కువ? స్విమ్స్ ఆసుపత్రి ఉంది, రుయా ఆసుపత్రి ఉంది, టాటా ట్రస్టుల చేయూతతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. స్విమ్స్ వారి పింక్ బస్సులో (క్యాన్సర్ పరీక్షల బస్సులో) రొమ్మును ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ యంత్రమే ఉంది. రొమ్ము క్యాన్సర్ అనుమానంతో వచ్చినవారికి 60 రోజుల్లోపు నిర్ధారణ పూర్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన అధికారులు మాత్రం ఎన్ని లక్షల మందిని పరీక్షించామో చెప్పి ఊరుకుంటారు. అనుమానితుల్లో ఎందరికి 60 రోజుల్లో ముక్క పరీక్ష జరిగిందో పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల) వారీగా ప్రకటించండి. కలెక్టర్లు నెలనెలా అడగాల్సిన లెక్క అదే. పల్లెల నుంచి పంపినవారికి వారంలో ఒకరోజు కేటాయించి, స్కానింగు, ముక్క పరీక్ష ఆ పూటే ముగించాలి. రిపోర్టు ఏఎన్ఎంకే పంపొచ్చు.

గర్భాశయ ముఖద్వారానికి ద్రావణం పూసి తెల్లబారిన చోటు వెతికే పరీక్ష పీహెచ్‌సీలోనే చేయొచ్చు. నర్సమ్మ, గడియ పడే తలుపు ఉంటే ఆడవాళ్లు వస్తారు. గడియ సంగతి చిన్నదనుకునేవాళ్లు ఒకసారి ఆ గదుల్ని చూసి రావాలి.

ఇక మగవాళ్లు. గుట్కా, ఖైనీ నమిలి నోట్లో తెల్లమచ్చ పడినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా కారం తగ్గించి కాలం గడిపేస్తారు. చూడ్డానికి టార్చిలైటు చాలు. సర్వే వాళ్లు వచ్చే వేళకు వాళ్లు ఇంట్లో ఉండరు కాబట్టి, ఆ పరీక్షేదో పొద్దున్నే పాల కేంద్రం దగ్గర పెడితే సగం ఊరు అక్కడే దొరుకుతుంది.

– ఒక పాఠకురాలు, పలమనేరు