ఐలాండ్‌లో ఎస్ ఎందుకుంది?

చిన్నీ,

రాత్రి నువ్వు సరిగ్గా తినలేదు. అడిగితే "ఏం లేదు నాన్నా" అన్నావు. పడుకునే ముందు అమ్మకు చెప్పావట, ఇంగ్లీషు క్లాసులో ఏం జరిగిందో. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే మధ్యలోనే లేచి వెళ్ళిపోతావని ఇలా రాసి నీ బ్యాగులో పెడుతున్నాను. లంచ్ బెల్ కొట్టాక చదువుకో.

వరసగా ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా చదవడం మా రోజుల్లోనూ ఉండేది. మన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని, మన వంతుకు ఏ పేరా వస్తుందో వెతుక్కుని, దాన్నే లోపల్లోపల పదిసార్లు చదువుకుంటాం. ఈలోగా మిగతావాళ్ళు చదివింది ఒక్క ముక్క కూడా చెవిన పడదు. తీరా టీచరు ఎవరో ఒకరి చేత రెండు పేరాలు చదివిస్తారు. లెక్కంతా తప్పుతుంది. నీకూ అదే అయిందట కదా. చూసుకోని పేరా, ఎప్పుడూ చదవని మాట. వేలు దాని కింద ఆగిపోయింది. ఐ, ఎస్, ఎల్... "ఇస్లాండ్" అన్నావు. క్లాసంతా గొల్లుమంది. టీచరు "ఐలాండ్" అని సరిచేసి "నెక్స్ట్" అన్నారు. ఆవిడను నేనేమీ అనను. ఉన్న ఒక్క పీరియడ్‌లో అంతమంది చేత చదివించాలంటే, ఆగి ఆ ఎస్ కథ చెప్పే తీరిక ఎక్కడుంటుంది? అది నేను చెబుతాను.

ఆ ఎస్ అసలు అక్కడ ఉండాల్సింది కాదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ఎస్ లేదు. తర్వాత కూడా చాలాకాలం ఐ పక్కనే ఎల్ పెట్టి రాసేవాళ్ళు. అదే అర్థంతో ఫ్రెంచి నుంచి వచ్చిన "ఐల్" అనే మాట ఇంకోటి ఉంది. దాని మూలం లాటిన్ "ఇన్సులా", అందులో ఎస్ ఉంది. 16వ శతాబ్దంలో బాగా చదువుకున్నవాళ్ళు ఈ రెండు మాటలూ చుట్టాలే అనుకుని, మన ఐలాండ్‌లోనూ ఓ ఎస్ దూర్చారు. నిజానికి చుట్టరికం ఏమీ లేదు. తప్పు పండితులు చేస్తే నవ్వులపాలైంది నువ్వు!

అప్పును "డెట్" అంటారే, అందులో బి కూడా ఇలాంటిదే. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు లేదు. లాటిన్‌లో ఉంది కదా అని తర్వాత తగిలించారు. నైఫ్‌లో కె సంగతి వేరు. దాన్ని ఒకప్పుడు నిజంగానే పలికేవాళ్ళు. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లమెల్లగా గట్టిపడ్డాయి గానీ, జనం పలికే తీరు మారుతూనే పోయింది. అలా ఆ కె నోట్లోంచి జారిపోయి పుస్తకంలో మిగిలిపోయింది. ఏడో తరగతిలో నేను దాన్ని "క్నైఫ్" అని చదివాను. ఆ ఏడాదంతా నా పేరు అదే.

తెలుగులో ఏది రాసుంటే అది చదువుతాం. నిన్న నువ్వు చేసిందీ అదే. నవ్వినవాళ్ళలో ఆ మాట ముందే తెలిసినవాళ్ళు ఎంతమందో, పక్కవాళ్ళు నవ్వారని నవ్వినవాళ్ళు ఎంతమందో! అన్నట్టు, ఇంగ్లీషులో "బాండికూట్" అని ఉంది చూశావూ, అది మన పందికొక్కే. వాళ్ళకు నోరు తిరక్క అలా అయింది. వాళ్ళేమీ సిగ్గుపడలేదు, ఏకంగా డిక్షనరీలోనే పెట్టేసుకున్నారు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. ఇకనుంచి చదవమంటే గొంతు బాగాలేదని చెప్తానన్నావట. ఒకటి రెండు రోజులైతే చెప్పు, ఏం కాదు. నేను తొమ్మిదో తరగతి దాకా అలాగే తప్పించుకున్నాను. పోయిన నెల ఆఫీసు మీటింగులో రసీదు గురించి మాట్లాడుతూ "రిసీప్ట్" అని పి గట్టిగా ఒత్తి పలికాను. కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "రిసీట్" అనాలని ఇంటికొచ్చి చూసుకుంటే గానీ తెలియలేదు. ఆ పి కూడా లాటిన్‌ను చూసి తగిలించిందేనట. నా తప్పులు బడిలోనే బయటపెట్టి ఉంటే ఈ వయసులో ఈ టెన్షన్ ఉండేది కాదు.

నీ ఇంగ్లీషు నోట్‌బుక్ చివరి పేజీలో ఐలాండ్, డెట్, నైఫ్, రిసీట్ పెన్సిల్‌తో రాసి, పలకని అక్షరం చుట్టూ సున్నా చుట్టాను. ఐదో గీత ఖాళీగా వదిలాను. ఈరోజు పాఠంలో ఒకటి దొరక్కపోదు, అక్కడ రాసి తీసుకురా. సాయంత్రం నేను చదువుతాను. తప్పయితే నువ్వు నవ్వొచ్చు.

నాన్న