కోరెషు ఆజ్ఞ వెనుక ఉన్నది పాలనా విధానమే

సంపాదకులు గారికి,

యెరూషలేము ఆలయ పునర్నిర్మాణం ప్రస్తావన వచ్చినప్పుడల్లా, తెలుగు బైబిలులో కోరెషుగా మనం చదువుకునే పారశీక చక్రవర్తి సైరస్ ప్రపంచానికి తొలి మానవ హక్కుల పత్రాన్ని ఇచ్చాడని రాయడం పరిపాటి అయింది. ఆ మాటకు ఆధారంగా చూపే మట్టి శాసనం 1879లో బాబిలోను శిథిలాల్లో దొరికింది. అందులో యూదుల పేరు గానీ యెరూషలేము పేరు గానీ లేదు. బాబిలోను దేవుడు మర్దూకు తనను ఏరి కోరి రాజును చేశాడనీ, టైగ్రిస్ అవతలి పట్టణాల దేవతలను వారి గుళ్లకు తిరిగి చేర్చాననీ చక్రవర్తి అందులో చెప్పుకున్నాడు. ఎజ్రా గ్రంథంలో అదే చక్రవర్తి తనకు రాజ్యాలిచ్చినవాడు యెహోవా అంటాడు. ఏ ఊరికి వెళితే ఆ ఊరి దేవుడికి దండం పెట్టాడన్నమాట!

ఎజ్రా ఆరో అధ్యాయంలో అరమాయిక్ భాషలో ఉన్న, ఆలయం కట్టమన్న కోరెషు ఆజ్ఞను నమోదు చేసిన జ్ఞాపిక నా దృష్టిలో ఇంతకంటే విలువైనది. ఆలయం ఎత్తు 60 మూరలు, వెడల్పు 60 మూరలు, మూడు వరుసల రాయి, ఒక వరుస కలప, ఖర్చు రాజు ఖజానాది అని అందులో ఉంది. చదువుతుంటే నేటి ప్రభుత్వ మంజూరు ఉత్తర్వే గుర్తుకొస్తుంది. మీకు అనుమతి ఎవరిచ్చారని యూఫ్రటీసు నది అవతలి రాష్ట్రాధిపతి తత్తెనై ఆలయం కడుతున్న యూదులను నిలదీసినప్పుడు, తరువాతి పారశీక చక్రవర్తి దర్యావేషు (డేరియస్) పాత దస్తావేజులు వెతికించగా ఎక్బటానా నగరంలో బయటపడింది ఈ కాగితమే. ఆ తరువాతే క్రీ.పూ. 515లో ఆలయం పూర్తయింది. అయితే ఈ ఆదరణ విధేయులకే దక్కింది. క్రీ.పూ. 494లో గ్రీకు నగరం మిలేటస్ తిరుగుబాటును అణచినప్పుడు అదే దర్యావేషు సేనలు దగ్గరలోని దిదిమాలో ఉన్న అపోలో ఆలయాన్ని కొల్లగొట్టి తగలబెట్టాయి.

అప్పట్లో పారశీకుల ఏలుబడిలో ఉన్న ఈజిప్టులోని ఎలిఫెంటైను దీవి యూదుల ఉదంతం ఇంకా స్పష్టమైనది. క్రీ.పూ. 410లో ఖ్నూము దేవుడి పూజారులు స్థానిక అధికారి అండతో ఆ యూదుల ఆలయాన్ని కూల్పించగా, మూడేళ్ల తరువాత యూదులు యూదా అధిపతి బగోహికి అర్జీ పెట్టుకున్నారు. ఆలయాన్ని పూర్వస్థలంలోనే కట్టుకుని, ధాన్య నైవేద్యం, ధూపం సమర్పించుకోవచ్చని జవాబు వచ్చింది. అర్జీలో వారు కోరిన దహనబలుల ఊసు మాత్రం అందులో లేదు. మరో లేఖలో ఆ యూదులే గొర్రెను, ఎద్దును, మేకను అక్కడ దహించబోమని ఒప్పుకుని, పని జరిగితే దొరగారి ఇంటికి వెండితో పాటు వెయ్యి అర్దబుల (అప్పటి ధాన్యపు కొలత) బార్లీ పంపుతామని రాసుకున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఏలూరు