కంప్యూటర్‌లో పండిన మొక్కజొన్న

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. "కంప్యూటర్‌లో మొక్కజొన్న పండిస్తే జీతం కూడా ఇస్తారా?" అని వెక్కిరించావుగా, ఇస్తారు. ఈ పది రోజులూ ఆ పంటే నా ప్రాణం తోడేసింది, అందుకే జవాబు ఆలస్యం.

చేసేది చెప్తా విను. వానను నమ్ముకుని వేసిన మొక్కజొన్న, ఆ వానతో, ఆ నేలలో మహా అయితే ఎంత పండగలదో మోడల్‌ని, అంటే పంట పెరుగుదలను లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాంని, అడుగుతాం. ఎరువుకు లోటు లేదు, కలుపు లేదు, కత్తెర పురుగు లేదు అనుకోమంటాం. నీళ్ల కొరత మాత్రం ఉన్నదున్నట్టే. అలా వచ్చిన అంకెలోంచి రైతుకు నిజంగా పండింది తీసేస్తే మిగిలేదే దిగుబడి అంతరం. అమెరికాలో హెక్టారుకు 11 టన్నులు, సహారా దిగువ ఆఫ్రికాలో సుమారు 2 టన్నులు అని చదివి, తేడా అంతా రైతు చేతకానితనమే అనేస్తారు చూడు, అది అన్యాయం. రాని వానకు రైతేం జవాబు చెప్తాడు? అందుకే ఏ చోటి పంటను ఆ చోటి వానతోనే తూచాలి. అదీ పూర్తిగా అందుకోమనరు, 80 శాతం దాకా వస్తే చాలంటారు.

నేను వాడేది సీరీస్-మెయిజ్, 1980లలో తయారైన మోడల్. రోజువారీ ఎండ, వాన, పగటి రాత్రి ఉష్ణోగ్రతలు ఇవ్వాలి, వాటితో పాటు నేల వివరాలు, విత్తన రకం, విత్తిన తేదీ కూడా. 8 డిగ్రీలకు పైనున్న వేడిని రోజూ కూడుకుంటూ ఆకులేస్తుంది, పీచు తీస్తుంది, కండె కడుతుంది. ఆ పీచు దశ దగ్గరే నాకు గుండె దడ. మొన్న రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూశాను. మొత్తం వాన ఇంచుమించు ఒకటే. కానీ ఒక ఏడు సరిగ్గా పీచు వచ్చే వేళకు 18 రోజులు బెట్ట. మోడల్ గింజల సంఖ్యను అక్కడికక్కడే కోసేసింది. ఆ తర్వాత ఎంత కురిసినా తిరిగి రాలేదు. పొలంలోనూ అంతే కదా, పుప్పొడి రాలిపోయాక పీచు బయటికొస్తే కండె బోసినోరే.

ఇప్పుడు నా ఘనకార్యం. ఒక చోట అంతరం మరీ పెద్దదిగా వచ్చింది. రైతులు ఎరువు వెయ్యట్లేదు, మొక్కలు పలచగా పెడుతున్నారు అని రిపోర్టు కూడా రాసేశా. పంపే ముందు ఎందుకో అనుమానమొచ్చి, నేలలో గుంత తీయించాం. 60 సెంటీమీటర్ల దగ్గర గడ్డపార ఠంగుమంది. గట్టి పొర! వేరు అక్కడే ఆగిపోతుంది. నేనేమో మోడల్‌లో వేరు లోతు 150 సెంటీమీటర్లు అని కొట్టాను. ఆ లేని 90 సెంటీమీటర్లు, సెంటీమీటరుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల చొప్పున, పంటకు 135 మిల్లీమీటర్ల నీళ్లు దాచిపెట్టాయి. మిల్లీమీటరుకు హెక్టారుకు 20 కిలోల గింజ వేసుకున్నా రెండున్నర టన్నుల పైనే. ఆ పంట నా స్క్రీన్ మీద తప్ప ఎక్కడా లేదు. సిగ్గేసిందిరా. రిపోర్టు చింపి మళ్లీ రాశా.

అంతరం అసలు లేదని కాదు, సగానికి తగ్గింది. ఆ మిగిలింది ఎరువుతో పూడుతుందా అంటే, 30 ఏళ్ల వాతావరణం పెట్టి నడిపి చూశా. మంచి ఏళ్లలో నత్రజని ప్రతి కిలోకూ గింజ రాలుతుంది. బెట్ట ఏళ్లలో వేసినదంతా వృథా. విత్తే రోజున అది ఏ రకం ఏడో ఎవరికీ తెలియదు. సగటు అంకె చూసి "ఇంకా వెయ్యి" అనడం నాకు తేలిక, అప్పు రైతుది. అందుకే ఇప్పుడు సగటు పక్కనే చెడ్డ ఏళ్ల అంకెలు కూడా పెడుతున్నా. మా వాళ్లకు పట్టిక పొడుగైందని చిరాకు, పోనీ.

సరే, అసలు విషయం. మీ నాన్నగారు వాన కొలిచి రాసిన పాత నోటుబుక్కులు ఉన్నాయన్నావు. నాకు కావాలి. నెలవారీ మొత్తాలు పనికిరావు, ఏ రోజుకు ఎంతో కావాలి. నెలలో 100 మిల్లీమీటర్లు ఒకే రోజు పడితే సగం కొట్టుకుపోతుంది. ఇంకోటి, ఖాళీగా వదిలిన గళ్లలో సున్నా వెయ్యొద్దు. ఆ రోజు వాన పడలేదా, ఆయన కొలవలేదా అని ముందు అడుగు. లేకపోతే ఇంకో దొంగ బెట్ట నా నెత్తిన పడుతుంది.

ఉంటా,
నీ మొక్కజొన్నగాడు