కషాయం సంగతి డాక్టరుకి చెప్పారా?

సంపాదకులకు నమస్కారం.

కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయే జబ్బుకి చైనాలో ఇంగ్లీషు మందులూ వాళ్ల సంప్రదాయ వైద్యమూ కలిపి ఇస్తారని మీ ఆరోగ్యం పేజీలో రాశారు. చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే అందులో 'కలిపి' అన్న మాట మరీ తేలిగ్గా వాడేశారు.

మా నాన్నగారిది ఈ జబ్బే. నడుస్తుంటే పిక్క పట్టేసేది, కాసేపు నిలబడితే వదిలేసేది, మళ్లీ దాదాపు అంతే దూరానికి పట్టేసేది. ఆగినప్పుడల్లా ఎవరైనా చూస్తారని ఫోన్ తీసి ఏదో చదువుతున్నట్టు నిలబడేవారు. వయసు నొప్పులే కదా అని మేమూ ఊరుకున్నాం. చివరికి రాత్రిళ్లు పాదం మంటకి పడుకోలేక, కాలు మంచం మీంచి కిందికి వేలాడేసుకుని కూర్చునే దాకా వచ్చింది. అప్పుడు గానీ పరీక్ష చేయించలేదు. చీలమండ దగ్గర బీపీ చూసి దాన్ని చేతి బీపీతో భాగిస్తారు, అంతే. 0.9 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే కాలికి రక్తం సరిగా అందట్లేదని లెక్క. (షుగర్ వల్ల నాళాలు గట్టిపడినవాళ్లకి ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, జాగ్రత్త.)

చైనా వాళ్లకి ఈ జబ్బు కొత్తదేం కాదు. వాళ్ల ప్రాచీన వైద్య గ్రంథం 'హ్వాంగ్‌దీ నెయ్‌జింగ్'లోనే కాలివేళ్లు కుళ్లే వ్యాధి ప్రస్తావన ఉంది, తగ్గకపోతే వెంటనే కోసెయ్యాలి, లేకపోతే మనిషి దక్కడని కూడా ఉంది. మూలికలతోనే అన్నీ నయమవుతాయని వాళ్ల పెద్దలే అనలేదన్నమాట! ఇప్పటికీ వాడే 'సీ మియావ్ యోంగ్ ఆన్ టాంగ్' కషాయంలో ఉండేవి నాలుగే దినుసులు: హనీసకుల్ పూలు, షువాన్‌షెన్ వేరు, డాంగ్‌గ్వే వేరు, అతిమధురం. 1950ల నుంచి అక్కడి ప్రభుత్వమే రెండు వైద్యాలనీ కలపమని ప్రోత్సహించింది, రెండూ చదివిన డాక్టర్లు తయారయ్యారు, ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) రాసిన కేస్ షీట్‌లోనే కషాయం కూడా ఉంటుంది. నా దృష్టిలో కలపడమంటే అదీ. మీ వ్యాసంలో ఆ ముక్కే లేదు.

మా ఇంట్లో జరిగింది వేరు. తెలిసినవాళ్లెవరో ఇచ్చిన చైనా మూలికల పొడిని, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూనే, నాన్నగారు కాచుకుని తాగారు. చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి డాక్టరు అడిగితే "ఇంకేమీ వాడట్లేదండీ" అన్నారు, ఆయన లెక్కలో కషాయం మందు కాదు మరి. ఆ పొడిలో ఏముందో మాకు ఇప్పటికీ తెలీదు. డాన్‌షెన్, డాంగ్‌గ్వే లాంటి చైనా మూలికలు, రక్తం పలచబడేందుకు ఇచ్చే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెరగొచ్చు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరిగి పొటాషియం పడిపోవచ్చు.

ఇంకొకటి, ఈ కషాయాల మీద వచ్చిన చైనా అధ్యయనాల్లో చాలావాటిలో ఒక గుంపుకి మామూలు మందులు, రెండో గుంపుకి అవే మందులతో పాటు కషాయం ఇస్తారు, పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్తుత్తి కషాయం ఎవరికీ ఇవ్వరు. ఏం తాగుతున్నామో తెలిసిన మనిషి బాగుందని చెప్పడంలో వింతేముంది? జింకో అనే చెట్టు ఆకు సారం మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష అయితే, రోగులు నడవగలిగే దూరంలో చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. అదే నడకతో లాభం బాగా రుజువైంది: నొప్పి వచ్చేదాకా నడవడం, ఆగడం, మళ్లీ నడవడం, వారానికి మూడుసార్లు, కనీసం 12 వారాలు. సిగరెట్ మానడం ఎటూ తప్పదు.

ఈసారి రాసేటప్పుడు ఏ మూలిక ఏ మాత్రతో పడదో ఒక చిన్న పెట్టె కట్టి వేయండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే కషాయాలు కాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలనీ, గంటలు గడిస్తే కాలే పోవచ్చనీ అదే పెట్టెలో పైన వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు