2025-26 వార్షిక నివేదిక: యువజన విభాగం

గౌరవ సభ్యులకు నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నిబంధన కాబట్టి ఇది రాస్తున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే.

ముందుగా కృతజ్ఞతలు. హాలుకు రంగులు వేయించి పేరు వద్దన్న దాతకు, ఫ్యాన్లు బాగుచేసి కూలి తీసుకోని ఎలక్ట్రీషియన్ తమ్ముడికి, కుర్చీలు సగం అద్దెకే ఇచ్చిన టెంట్‌హౌస్ వారికి, పిలిచిన ప్రతిసారీ వచ్చిన మహిళా సంఘం అక్కలకు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సిన పని, హాలు తాళంచెవి పిల్లల చేతికివ్వడం. చదువుకోవడానికని రాత్రి పది దాకా హాలు తెరిచి ఉంచేవాళ్లం. ఆడపిల్లలు వచ్చేవారు కాదు. వాళ్లకు శ్రద్ధ లేదని కొందరు పెద్దలు తేల్చేశారు కూడా. జూన్‌లో పిల్లల్నే కూర్చోబెట్టి అడిగితే ఒక డిగ్రీ అమ్మాయి లేచి, "రాత్రిపూట ఇంట్లో పంపరు సార్, పొద్దున ఐదింటికి తెరవండి" అంది. ఆ వేళకు వాచ్‌మన్ రాడు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలని కార్యవర్గంలో పెద్ద గొడవే జరిగింది. చివరికి ఆ అమ్మాయికే ఇచ్చాం. ఇంతవరకు ఒక్క కుర్చీ పోలేదు, ఒక్క లైటు పగలలేదు. నియమాలు వాళ్లే చార్టు మీద రాసి అంటించుకున్నారు. ఫోను సైలెంట్‌లో ఉండాలి, కూర్చున్న కుర్చీ తిరిగి సర్దాలి, ఎవరి మార్కులు ఎవరూ అడగకూడదు. మూడోది మనలో ఎవరికీ తట్టేది కాదు.

ఇంటర్ ఫలితాల టెన్షన్ తెలిసిందే. గతంలో ఫెయిలై సప్లిమెంటరీలో గట్టెక్కిన ముగ్గురిని పిలిచి మాట్లాడించాం. పాలిటెక్నిక్, ఐటీఐ, ఓపెన్ స్కూల్ దారులు కూడా వాళ్లే చెప్పారు. మానసిక ఒత్తిడిలో ఉన్నవాళ్లకు ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416 హాలు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాం. కొడుకు ఐటీఐలో చేరతానంటే పరువు పోతుందన్న ఒక తండ్రి, ఆ ముగ్గురు మాట్లాడుతుంటే వెనక నిలబడి విన్నారు. తర్వాత ఫారం కొనుక్కొచ్చింది ఆయనే.

17 ఏళ్లు నిండినవాళ్లు ఓటు కోసం ముందుగానే ఫారం-6 పెట్టుకోవచ్చు. పిల్లలు తమ ఫోన్లలో తామే నింపుకున్నారు. బ్యాంకు దగ్గరే చిక్కొచ్చింది. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకునే వీలు బ్యాంకులు ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025లో మరోసారి చెప్పింది. మేం వెళ్లిన శాఖలో మాత్రం పదహారేళ్ల పిల్లను "మీ నాన్నను తీసుకురా" అని పంపేశారు.

హాలు సందులో వీధిలైటు కోసం అర్జీలిచ్చాం. రసీదులున్నాయి, లైటు లేదు. తెల్లవారుజామున చీకట్లో నడిచొచ్చేది మన పిల్లలే. ఇక వాలంటీర్ల సంగతి. ఉగాది నాడు వేదికెక్కి పేర్లిచ్చినవారిలో చాలామంది వాట్సాప్‌లో బొటనవేలు చూపించడం వరకే ఉన్నారు. ఎండలో బెంచీలు మోసింది మాత్రం పేర్లివ్వనివాళ్లు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక జతచేశాం, కోశాధికారి వివరిస్తారు. చందా బకాయిలున్నవారు సమావేశం లోపు కట్టగలరు.

కార్యవర్గంలో 25 ఏళ్లలోపు వారికి రెండు స్థానాలు కేటాయించాలన్న తీర్మానం ఎజెండాలో నాలుగో అంశం. పోయినసారి కోరం లేక వాయిదా పడింది. ఈసారి భోజనాల వేళకు కాకుండా పదింటికే రావాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి