ఫీజు మనది, రిపోర్టు బ్యాంకుది

సంపాదకుల వారికి, నమస్కారం.

విశాఖలో మధురవాడ, ఆనందపురం వైపు గానీ, పెందుర్తి, కూర్మన్నపాలెం వైపు గానీ ఇళ్ల ప్రకటన ఏది చూసినా ఒక మాట తప్పకుండా కనిపిస్తోంది: 'క్లియర్ టైటిల్, బ్యాంకు లోన్ సదుపాయం కలదు'. లోన్ వస్తోందంటే టైటిల్, అంటే యాజమాన్య హక్కు, క్లియర్‌గా ఉన్నట్టేనని జనం నమ్ముతున్నారు. గృహ రుణాల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరైనవాడిగా చెబుతున్నాను, ఆ రెండూ ఒకటి కావు.

లోన్‌కి దరఖాస్తు పెట్టగానే బ్యాంకు ఆ కాగితాలను తన ప్యానెల్ లాయరుకి పంపుతుంది. ఆయన లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), ప్లాను చూసి లీగల్ ఒపీనియన్ రాస్తారు. ఫీజు కట్టేది దరఖాస్తుదారు. రిపోర్టు మాత్రం బ్యాంకు ఫైల్లోనే ఉండిపోతుంది. కాపీ అడిగితే 'అది ఇంటర్నల్ అండీ' అంటారు. పేచీ అంతా ఇక్కడే ఉంది. ఆ లాయరు పనిచేసేది బ్యాంకు కోసం. ఇచ్చిన అప్పు వసూలవుతుందా లేదా అన్నదే బ్యాంకుకి ముఖ్యం. ఇంటి మీద రాకపోతే జీతం మీద, హామీదారు మీద రాబట్టుకుంటుంది. ఇల్లు చేజారితే కొన్నవాడికి ఇంకేం మిగులుతుంది?

మా వీధిలో ఒక కుటుంబం పెందుర్తి వైపు ఇల్లు బేరం చేసుకుంది. బ్రోకరు తెచ్చిన అచ్చు అగ్రిమెంటు మీద సంతకం పెట్టి అడ్వాన్సు ఇచ్చేశారు. తర్వాత బ్యాంకు 'లీగల్ రాలేదు' అంది, అంటే లాయరు ఒపీనియన్ అనుకూలంగా రాలేదని. ఎందుకు రాలేదో కాగితం మీద ఇవ్వలేదు. అమ్మినాయన అగ్రిమెంటు తీసి చూపించాడు: గడువులోగా మిగతా సొమ్ము చెల్లించకపోతే అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు. ఆస్తిలోనే లోపం ఉందని నిరూపించడానికి వీళ్ల చేతిలో ఏమీ లేదు. విడిగా ఒక లాయరుకి చూపిస్తే అప్పుడు బయటపడింది. పాత దస్తావేజులో దక్షిణం హద్దు 'గెడ్డ', అంటే వాగు. దాని తర్వాతి దస్తావేజులో అదే దక్షిణం హద్దు 'రోడ్డు'. గజాలు కూడా కాస్త పెరిగాయి. గెడ్డ పోరంబోకు (ప్రభుత్వ భూమి) ఎంత కలిసిందో సర్వేయరు తేల్చాల్సిన వ్యవహారం. బ్యాంకు లాయరు కూడా ఇదే పట్టుకుని ఉంటారని నా అనుమానం. ఆ రిపోర్టు కాపీ ఒకటి చేతికిస్తే ఈ కుటుంబం దాంతోనే అడ్వాన్సు అడిగేది.

రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అనే ధీమా కూడా మనవాళ్లకి ఎక్కువే. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు నమోదు చేస్తారు తప్ప అమ్మేవాడు నిజంగా యజమానో కాదో విచారించరు. యాజమాన్యం తేల్చడం రిజిస్ట్రార్ పని కాదని 2025లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. ఒట్టి జీపీఏ (యజమాని ఇచ్చే అధికార పత్రం) మీద ఇల్లు మనది కాదని 2011లోనే చెప్పింది. అయినా 'జీపీఏ ఉంది సార్, ఇబ్బంది లేదు' అనే బ్రోకర్లకి ఈ ఊళ్లో లోటు లేదు.

మన ఊరి భూముల చరిత్ర కూడా మామూలుది కాదు. పంచగ్రామాల్లో, అంటే అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లిలో సింహాచలం దేవస్థానం భూముల గొడవ తరాలుగా నలుగుతోంది. జమీందారీ ఎస్టేట్ల రద్దు తర్వాత తయారైన ఎస్ఎఫ్ఏ అనే పాత భూమి రికార్డులో ఒకరి పేరు, ఇప్పటి అడంగల్లో ఇంకొకరి పేరు ఉన్న భూములున్నాయి. డి-పట్టా భూముల (పేదలకి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల) అమ్మకానికి 1977 చట్టం అడ్డుంది. 2023లో సవరణ వచ్చినా అది అన్నిటికీ వర్తించదు. పట్టణ భూ పరిమితి చట్టం కింద అప్పట్లో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న మిగులు భూమి, ఆ చట్టం పోయినంత మాత్రాన ప్రైవేటుది అయిపోదు. రికార్డుల తారుమారు మీద 2017లో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేయాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. కనీసం రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగానికి లాయరు కావాలి.

ఈసీ చేతికొస్తే చాలనుకునేవారూ ఉన్నారు. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. కోర్టులో నడుస్తున్న దావా కనిపించదు. అసలు దస్తావేజులు ఎక్కడో తాకట్టు పెట్టి, దాన్ని రిజిస్టర్ చేయకపోతే అదీ కనిపించదు. అందుకే జిరాక్సులు కాదు, ఒరిజినల్స్ చూడాలి. 'పోయాయండీ' అంటే అనుమానించాలి. 1983కి ముందు ఈసీ ఆన్‌లైన్లో దొరకదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతితో తీయించుకోవాల్సిందే. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా? హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో వాళ్లకీ కొడుకులతో సమానంగా హక్కుంది. పెళ్లిళ్లయి దూరంగా ఉన్నారనో, విదేశాల్లో ఉన్నారనో వాళ్ల సంతకాలు వదిలేసి అమ్మేస్తారు, తర్వాత దావా పడుతుంది.

ఫ్లాట్ల సంగతికొస్తే, ప్లాను ఇచ్చేటప్పుడు నిర్మాణంలో 10 శాతాన్ని బిల్డరు జీవీఎంసీకి (నగరపాలక సంస్థకి) తనఖా పెడతాడు. ఓసీ (నివాసయోగ్యత పత్రం) వచ్చాకే అది విడుదలవుతుంది. మనకి అమ్ముతున్న ఫ్లాటు ఆ పది శాతంలోదే కావచ్చు. స్థలం యజమాని వాటాలోది బిల్డరు అమ్మేయడమూ జరుగుతుంటుంది, కాబట్టి వాటాలు పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంటు అడిగి చూడాలి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నంబరున్న ప్రాజెక్టయితే అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి డబ్బు తీసుకోకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు గానీ, ఫ్లాట్లు ఎనిమిది గానీ దాటకపోతే రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. సందుకొకటిగా లేస్తున్న మన చిన్న గ్రూప్ హౌసులు చాలావరకు అలాంటివే.

లాయరు దగ్గరికి వెళ్లాల్సింది అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందు. డాక్యుమెంటు రైటరు లాయరు కాదు. బ్రోకరు తీసుకొచ్చిన లాయరు మన లాయరు కాదు. 60 లక్షల ఫ్లాటుకి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం చొప్పున నాలుగున్నర లక్షలు నోరెత్తకుండా కడతాం. 50 లక్షలకి తగ్గని ఆస్తి కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాడి తరఫు పన్ను) కూడా మనమే కోసి జమ చేస్తాం. లాయరు ఫీజు దగ్గరే గీచి గీచి బేరమాడతాం! అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించుకోవాలి: 'లీగల్ పరిశీలనలో ఆస్తిలో లోపం తేలితే అడ్వాన్సు మొత్తం ఫలానా గడువులోగా వాపసు ఇవ్వాలి'. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేసుకోవడమే మేలు.

జాగ్రత్తపడే భారమంతా కొనేవాడి మీదే వేయడం న్యాయం కాదు. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించాక శాఖల్లో కదలిక వచ్చింది. ఫీజు కట్టిన దరఖాస్తుదారుకి లీగల్ రిపోర్టు కాపీ, లోన్ మంజూరైనా కాకపోయినా, తప్పనిసరిగా ఇవ్వాలని అలాంటి ఆదేశమే ఇంకొకటి ఇస్తే చాలు. 'ఆ రిపోర్టు మీద ఆధారపడి కొంటే మాకు బాధ్యత లేదు' అని పైన ఒక ముద్ర వేసుకోమనండి, అభ్యంతరం లేదు. లోపం ఏమిటో తెలిస్తే చాలు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి కూడా ఒక విన్నపం. సూపర్ బజార్, ద్వారకానగర్, మధురవాడ, గాజువాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో వారానికి ఒక రోజైనా ప్యానెల్ న్యాయవాదిని కూర్చోబెడితే, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకి ఫోన్ చేయాలని కూడా తెలియనివాళ్లు అక్కడే కాగితాలు చూపించుకుంటారు. ఆ ఆఫీసుల్లో ఒక బల్ల, రెండు కుర్చీలకి చోటు దొరక్కపోదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం