ఆర్డీవో గారికి బహిరంగ లేఖ: మా పెద్దమ్మ ఆశ్రమం ఫీజు గురించి

గౌరవనీయులైన రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి నమస్కారాలు.

పిల్లలు లేని మా పెద్దమ్మకు 81 ఏళ్లు. తుంటి ఎముక విరిగాక వృద్ధాశ్రమంలో చేర్చాం. నెలకు 14,000 రూపాయలు, మందులు, డైపర్లు వేరే. మిషన్ కుట్టుకునే నేనొక్కదాన్నే కడుతున్నాను. ఆమె రెండెకరాలూ సాగు చేసుకుంటున్న మరిది కొడుకు రూపాయి ఇవ్వడు.

సంతానం లేని వృద్ధుల ఆస్తి అనుభవిస్తూ, స్తోమత ఉన్న వారసులు వారిని పోషించాలని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం చెబుతోంది. అందుకే మీ ట్రిబ్యునల్‌లో అతనిపై పెద్దమ్మ వేలిముద్రతో అర్జీ పెట్టాం. అతనికి నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. నోటీసు వెళ్లి ఏడు నెలలైంది. స్వయంగా రెండుసార్లు విన్నవించాను, రిజిస్టర్ పోస్టులో ఉత్తరమూ పంపాను. జవాబు లేదు.

పోయిన నెల ఆమె గాజులు అమ్మి కట్టాను. సబ్బు నురగ రాసి ఆ గాజులు తీస్తుంటే, "ఇవీ అయిపోతే నన్నెక్కడ పెడతావే?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఈ చట్టం కింద ఇప్పించగలిగేది గరిష్ఠంగా నెలకు 10,000 రూపాయలేనని తెలుసు. మిగతాది నేను కుట్టి కడతాను. తుది ఉత్తర్వు ఆలస్యమైనా, సెక్షన్ 5 కింద మధ్యంతర భరణం వచ్చే వాయిదాలోనే ఇప్పించాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
అర్జీదారు చెల్లెలి కూతురు